తలుపు బాషా

మా నూర్ బాషా తలుపు లేనిదే పాడడు. కొందరు పాటగాళ్లకు పాడే ముందు వేడినీళ్లు కావాలి, కొందరికి తమలపాకు కావాలి, ఇంకొందరికి ముందు వరుసలో తల ఊపే మనుషులు కావాలి. మావాడికి తలుపు కావాలి. వేసే తలుపూ కాదు, తీసే తలుపూ కాదు. గుమ్మం నుంచి ఊడబీకి నేల మీద వెల్లకిలా పరిచిన తలుపు. దాని మీద డ్రమ్ములు పెట్టాలి, సౌండు బాక్సు పెట్టాలి, తను నిలబడాలి, అదీ చెప్పులు విడిచి. అప్పుడు గానీ నోరు తెరవడు. ఆదోనిలో ఆ రోజుల్లో నూర్ బాషాలు వీధికొకరు ఉండేవాళ్లు. తలుపు బాషా అంటే మాత్రం జట్కావాడు కూడా తిన్నగా తీసుకుపోయి వాళ్ల ఇంటి ముందు దించేవాడు.

ఇది ఎనభైల నాటి సంగతి. మేం నలుగురం ఇంటరు చదివే వయసువాళ్లం. చదివేది మాత్రం ఇద్దరమే. నా పేరు దేవేంద్రప్ప, మూడు తీగలే మిగిలిన గిటారు నాది. పత్తి మండీ వెంకటసుబ్బయ్య శెట్టి కొడుకు జయరాం బేస్ గిటారు వాయించేవాడు. సౌండు బాక్సు వాళ్లది, సాధన చేసుకునే గోదాము వాళ్లది, కాబట్టి కోపం తెచ్చుకునే హక్కు కూడా వాడిదే. సుంకన్న జిన్నింగు మిల్లులో పని. పొద్దంతా గింజ తీసే మిషన్ల మధ్య గడిపి, సాయంత్రానికి జుట్టు నిండా దూదితో వచ్చి డ్రమ్ముల ముందు కూర్చునేవాడు. డ్రమ్ములంటే ఒక పెండ్లి బ్యాండువాళ్లు పారేసిన పెద్ద డోలు, ఒక చిన్న డోలు, గంగాళం మూత. పెద్ద డోలును కాలితో కొట్టడానికి మగ్గం తొక్కుడు కర్ర ఒకటి బిగించుకున్నాడు. ఇక నూర్ బాషా పాడేవాడు. పాడేవాడనడం మర్యాద కోసం. నిజానికి అరిచేవాడు.

ఈ అరుపు మాకు కువైటు నుంచి వచ్చింది. నూర్ బాషా మేనమామ అక్కడి నుంచి టేప్‌రికార్డరూ కొన్ని క్యాసెట్లూ తెచ్చాడు. అందులో ఒకదాని మీద పుర్రె బొమ్మ ఉంది. అది వేస్తే గిటార్లు కోతమిషను మాదిరి గీపెడుతున్నాయి, ఎవరో తెల్లవాడు కాలికి తేలు కుట్టినట్టు కేకలు పెడుతున్నాడు. చంటిపిల్లలు ఏడ్చారు, కోళ్లు గంప కిందికి దూరాయి, పక్కింటివాళ్లు ఎవరైనా పోయారేమోనని వచ్చి చూశారు. మేం నలుగురం మాత్రం టేపు చుట్టూ కదలకుండా కూర్చున్నాం.

"ఇదప్పా పాటంటే," అన్నాడు నూర్ బాషా.

వాళ్ల తాత బడే సాబ్ ఇల్లిల్లూ తిరిగి దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆయన కూడా గోడకు ఆనుకుని ఆ పాట మొత్తం విన్నాడు. విని పెదవి విరిచాడు. "ఇందులో ఏముందిరా? విల్లుతో పత్తి ఏకేటప్పుడు నేను జేసే సప్పుడే గదా. ఇన్నేండ్లు వాయించినా నన్ను ఒకడన్నా క్యాసెట్టు అడగల్యా."

బ్యాండుకు జయరాం జాగ్రఫీ పుస్తకంలోంచి 'బ్లాక్ సాయిల్' అని పేరు తీశాడు. మన నల్లరేగడే, ఇంగ్లీషులో అంటే కొంచెం భయంగా ఉంటుందని. ఊళ్లో ఆ పేరు ఒక్కరి నోటా పలకలేదు. అందరికీ మేం పుర్రె మేళం. పాటలు మాత్రం తెలుగులోనే, నూర్ బాషా రాసినవే. వాటిలో గొప్పది ఎండ పాట. "కాలె బండ, కాలె కాలు, ఆదోని ఎండ, యాడప్పా నీడ" అని మొదలై, అవే మాటలు అటూ ఇటూ తిరిగి, చివరికి అరుపై పోయేది. అర్థం అడిగితే, "చెప్పులు లేకుండా బయటికి పో, అర్థమైతాది," అనేవాడు.

మొదట్లో తలుపు లేదు. అందరి మాదిరే నేల మీద నిలబడి అరిచేవాళ్లం. సుంకన్న మిల్లులో చేరిన మరుసటి ఏడాది, వానాకాలంలో, ఒక సాయంత్రం మేం గోదాములో తీగలు బిగించుకుంటుంటే నూర్ బాషా నెత్తిన తలుపుతో లోపలికి వచ్చాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు జయరాం.

"తలుపు."

"తలుపని కండ్లకు కనపడతాంది. ఏంటికి తెచ్చినావు?"

"ఈ బండలుండాయే, ఇవి సౌండును తాగేస్తాయప్పా. చెక్క అయితే తాగదు, ఉమ్మేస్తాది."

ఈ సైన్సు మేం ఏ పుస్తకంలోనూ చదవలేదు, అయినా ఊరుకున్నాం. తరువాత నేను విడిగా అడిగితే, చెక్క మీద నిలబడితే కరెంటు షాకు కొట్టదన్నాడు. వెంకటసుబ్బయ్య శెట్టి అడిగితే, తెల్లోళ్లంతా తలుపుల మీదే పాడతారన్నాడు. "అందుకేనేమోరా, ఆ తెల్లోడు ఇంట్లో దొంగలు పడినట్టు అరుస్తాండేది," అన్నాడు శెట్టి. ఒక్కొక్కరికి ఒక్కో కారణం. వాడు చెప్పే కారణాల్లో తలుపు ఒక్కటే నిజం.

ఆ తలుపు వాళ్ల వంటింటిది. వేపచెక్కది, ఏనుగంత బరువు. రోజూ సాయంత్రం మడతబందుల్లోంచి సీలలు పీకి తలుపు ఎత్తుకొచ్చేవాడు, అయిపోయాక మళ్లీ ఎత్తుకుపోయి బిగించేవాడు. ఈలోపు వాళ్లమ్మ నసీబ్‌బీ గుమ్మానికి గోనెపట్ట కట్టుకునేది. గోనెపట్టను మనుషులు గౌరవిస్తారు గానీ కుక్కలు గౌరవించవు. ఒకరోజు జొన్నరొట్టెలన్నీ కుక్కపాలయ్యాయి. ఆ సాయంత్రం నసీబ్‌బీ గోదాముకే వచ్చి వాకిట్లో నిలబడింది. ఎండ పాట మంచి జోరు మీద ఉంది.

"అయిపాయనా మీ ఏడుపు?"

"ఇంకా ఉందమ్మా," అన్నాడు నూర్ బాషా.

"ఉంటే తలుపు లేకుండా ఏడ్వండి. పొయ్యి మీద కూర పెట్టి వచ్చినా."

"చెదలు పట్టినాయమ్మా. ఎండకు పెట్టినా."

"పొద్దు మునిగినాక యాడ ఎండరా నీకు?"

"మా పాటలో ఉందమ్మా," అన్నాడు. ఆమె నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు మీద కోపం నిలబెట్టుకోవడం ఆ తల్లికి ఎప్పుడూ చేత కాలేదు. తలుపు కొసను తనే పట్టుకుని ఇంటిదాకా మోయించింది.

తలుపుతో పాటు ఇంకో పిచ్చి కూడా పట్టుకుంది వాడికి. పాడినంత సేపూ కుడి మడమతో ఆ చెక్కను దబాదబా తన్నేవాడు. పాట మొదలు కావాలంటే ముందు తన్ను, ఆగాలంటే తన్ను, మలుపు తిరగాలంటే రెండు తన్నులు. "డోలు కొట్టేదానికి సుంకన్న ఉండాడు గదప్పా. నువ్వేంటికి తన్నుతావు?" అని అడిగాను. "పాట లోపలికి పోతే కాలు ఆగదు దేవేంద్రా. నీకు ఇంకా పోల్యా," అన్నాడు. ఆ మడమ ఎంత మొరటుదేలిందంటే, తుమ్మముల్లు గుచ్చుకున్నా వాడికి సాయంత్రం దాకా తెలిసేది కాదు.

సుంకన్నకు ఈ గొడవలేవీ పట్టేవి కావు. మాట్లాడేది తక్కువ, నవ్వేది ఎక్కువ. తాళం తప్పితే జయరాం వాణ్ని నానా మాటలూ అనేవాడు. వాడు జయరాం మొహంలోకి చూసి నవ్వి, కాళ్లు తలుపుకు ఆనించుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు.

తలుపు వల్ల ఆస్పరి ఊళ్లో దొరికిన అవకాశం పోయింది. అక్కడొక బడి వార్షికోత్సవంలో, పిల్లల డ్యాన్సుల మధ్య మాకు ఒక పాటకు చోటిచ్చారు. మేం బస్సులో వెళ్లాం. తలుపును కండక్టరు ఎక్కించుకోనంటే, నూర్ బాషా అటువైపు పోయే ఎద్దులబండిలో తలుపుతో పాటు వస్తానన్నాడు. వచ్చాడు కూడా. అప్పటికి అందరూ లేచి నిలబడి జనగణమన పాడుతున్నారు. నెత్తిన తలుపుతో ఉన్నవాడు కూడా ఉన్నచోటే ఆగి, కదలకుండా అటెన్షన్‌లో నిలబడ్డాడు. హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు. పాట మాత్రం లేదు.

ఆ సంగతి తెలిసి వెంకటసుబ్బయ్య శెట్టి మా నలుగురినీ గోదాములోనే నిలబెట్టాడు. "ఇన్నాళ్లాయ, మీ పాట ఎలుకలు తప్ప ఎవురూ ఇనల్యా. అవి గూడా పత్తి మీద ఆశతో ఇంటాండాయి. వినాయక చవితికి ఎమ్మిగనూరులో నాగన్న వాళ్ల పందిట్లో మీకు సందు ఇప్పించినా. నేను గూడా వస్తా. ఆడ నలుగురు మెచ్చి సప్పట్లు కొడితే సరి. లేకుంటే సౌండు బాక్సు పోతాది, గోదాముకు తాళం పడతాది. మీ దావన మీరు పోండి." శెట్టి చల్లగా మాట్లాడాడంటే మాట తప్పడని మాకందరికీ తెలుసు. ఆ బ్యాండు పోతే మాకు మిగిలేది ఏమీ లేదు. సుంకన్నకు అసలే లేదు. వాడికి మిల్లు, నిద్ర, మళ్లీ మిల్లు.

చవితినాడు మధ్యాహ్నం బస్సు దగ్గర మళ్లీ పంచాయితీ.

"మనిషికి టిక్కెట్టుంది, కోడికి టిక్కెట్టుంది," అన్నాడు కండక్టరు. "తలుపుకు ఏం కొట్టేది నేను?"

"కోడి అనుకో అన్నా."

"కూస్తాదా?"

"దాని మీద నేను కూస్తా," అన్నాడు నూర్ బాషా. కండక్టరుకు నవ్వొచ్చి, టాపు మీద కట్టుకోమన్నాడు.

ఎమ్మిగనూరులో బస్సు దిగాక డోళ్లు దించుకున్నాం, సౌండు బాక్సు దించుకున్నాం, గిటార్లు దించుకున్నాం, ఎదురొచ్చిన నాగన్నకు నమస్కారాలు పెట్టాం. బస్సు కర్నూలు వైపు మలుపు తిరుగుతుంటే నూర్ బాషా పెట్టిన కేక వాడు జీవితంలో పాడిన పాటలన్నిటికంటే బాగుంది. తలుపు టాపు మీద వెల్లకిలా పడుకుని, సుఖంగా కర్నూలు వెళ్లిపోయింది.

"పీడ పాయ," అన్నాడు జయరాం.

"నేను పాడను," అన్నాడు నూర్ బాషా.

"ఏమంటివి?"

"తలుపు లేకుండా పాడను. ఇంకో తలుపు తెస్తా, అంతవరకు ఆపండి." నా చెయ్యి పట్టుకుని నేతగాళ్ల వీధిలోకి లాక్కుపోయాడు. వెనక జయరాం తిట్లు చాలా దూరం వినిపించాయి.

పండగపూట ఎవరింటికైనా పోయి పసుపో బెల్లమో అడగవచ్చు. తలుపు ఎట్లా అడుగుతారు? వాడు అడిగాడు. మొదటి ఇంట్లో ముసలాయన మగ్గం గుంతలోంచే తల ఎత్తి, "తలుపు కొనేదానికి వచ్చినారా, దొంగతనానికి వచ్చినారా, ముందు అది సెప్పండి," అన్నాడు. రెండో ఇంట్లో తలుపే వేసేశారు. ఇంకో ఇంట్లో గోవిందమ్మ అనే ఆమె ముగ్గు వేసుకుంటూ ఉంది.

"అమ్మా, మీ తలుపు ఒక్క పాటసేపు ఇస్తారా?"

ఆమె ముగ్గు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "ఏమిటికి నాయనా?"

"దాని మీద పాడాలమ్మా."

"గడప ముందర నిలబడి పాడు. తలుపు దాని సోట్లో అదుంటాది, నీ సోట్లో నువ్వుంటావు."

"పీకాలమ్మా."

"పండగనాడు వాకిలి తలుపు పీకుతారా ఎవురన్నా? లక్ష్మి లోపలికి రావాల్నా, బయటికి పోవాల్నా? మా ఆయప్పను పిలుస్తా ఉండు." అక్కడినుంచి ఇద్దరం పరుగే.

వీధి చివర నాకు కోపం ఆగలేదు. "అప్పా, శెట్టి వచ్చి కుర్చీలో కూర్చోని ఉంటాడు. ఈపొద్దు పాడకుంటే బ్యాండు సచ్చిపోతాది. నీకు బ్యాండు ఎక్కువా, తలుపు ఎక్కువా?"

వాడు అరుగు మీద కూలబడ్డాడు. నూర్ బాషాను అంత నీరసంగా నేను ఎప్పుడూ చూడలేదు.

"సుంకన్నకు ఇనపడదప్పా," అన్నాడు.

"ఏం ఇనపడదు?"

"ఏమీ ఇనపడదు. ఆ మిషన్ల మధ్య పడి సెవులు పోయినాయి. కొంచెం కొంచెంగా పాయ. మనం మాట్లాడేది మూతి సూసి తెలుసుకుంటాడు. పాట మాత్రం అరికాళ్లతో ఇంటాడు. చెక్క అదిరితే తెలుస్తాది. నేను తన్నితే ఎత్తుకుంటాడు, తన్నితే ఆపుతాడు. ఈడ పందిట్లో స్టేజీ బండల కట్టంటప్పా. నేను కాలు ఇరిగేట్టు తన్నినా బండ అదరదు."

ఆ తన్నులన్నీ, ఆ షాకులూ తెల్లవాళ్లూ చెదలూ అన్నీ కళ్ల ముందు తిరిగాయి. "మాతో సెప్పింటే ఏం పోయిందిరా?" అన్నాను.

"సెప్తే మీరు మంచోళ్లయిపోతారు. వాడు తప్పు కొట్టినా జయరాం తిట్టడు. పాపం అంటాడు. వాడు నాతో ఏమన్నాడో తెల్సునా? 'మిల్లులో అందరూ పాపం అంటాండారప్పా, ఈడ ఒక్కసోటన్నా నన్ను తిట్టనియ్యి' అన్నాడు. నన్ను మీరు పిచ్చోడనుకుంటే నాకేం నష్టం? యెట్లన్నా అనుకునేదే గదా." ముక్కు చొక్కాకు తుడుచుకున్నాడు. "ఈపొద్దు పాడితే వాడు అందరి ముందర తప్పుతాడు. పాడకుంటే బ్యాండు పోతాది. బ్యాండు పోతే పోనీ దేవేంద్రా. నా మీదే తిట్లన్నీ పడనీ."

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు. ఆ పిచ్చివాణ్ని కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియక, చెయ్యి పట్టి లేపి పందిరి వైపు నడిపించాను. అప్పటికే మైకులో నాగన్న మా పేరు పిలుస్తున్నాడు. జనం తోసుకుంటూ పోతున్నారు. మా పక్కనే గోవిందమ్మ కూడా చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని హడావుడిగా వస్తూ, నూర్ బాషా కాలు కసుక్కున తొక్కింది. మడమ కాదు, మెత్తటి ముందు పాదం. వాడు కుయ్యిమన్నాడు.

"సూసుకోల్యా నాయనా, ఏమనుకోవద్దు."

నూర్ బాషా తన పాదం వైపు చూసుకున్నాడు, ఆమె పాదం వైపు చూశాడు. మొహం మతాబులా వెలిగింది. "ఇంకోసారి తొక్కమ్మా," అన్నాడు.

"ఏందప్పా?"

"గట్టిగా తొక్కు. తాళంగా."

ఆమె మళ్లీ వాళ్ల ఆయప్పను పిలవబోయేలోగా వాడు స్టేజీ మీద ఉన్నాడు.

జయరాం పళ్లు కొరుకుతూ తీగ బిగిస్తున్నాడు. ముందు వరుసలో శెట్టి చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. సుంకన్న చల్లటి బండల మీద పాదాలు అటూ ఇటూ జరుపుకుంటూ, నవ్వు లేని మొహంతో నూర్ బాషానే చూస్తున్నాడు. నూర్ బాషా మైకు స్టాండును ఈడ్చుకుపోయి డ్రమ్ముల పక్కన నాటాడు. వెళ్లి సుంకన్న పక్కనే నిలబడి, తన కుడి పాదాన్ని సుంకన్న ఎడమ పాదం మీద పెట్టాడు. పెట్టి, ఒక్క తొక్కు తొక్కాడు.

సుంకన్న ఎగిరిపడ్డాడు. రెండో తొక్కుకు వాడి కళ్లు పెద్దవయ్యాయి. మూడో తొక్కుకు డోలు పలికింది.

ఎండ పాట ఆ సాయంత్రం పలికినట్టు ఎప్పుడూ పలకలేదు. నూర్ బాషా అరుస్తున్నాడు, తొక్కుతున్నాడు. సుంకన్న కొడుతున్నాడు, ప్రతి తొక్కుకూ మూతి వంకర తిప్పుతున్నాడు, నవ్వుతున్నాడు. "వాడేందిరా వాని కాలు తొక్కుతాండాడు?" అని జయరాం నా చెవిలో అరిచాడు. "కొత్త స్టైలంట. నువ్వు వాయించు," అన్నాను. కాసేపటికి వెనక నిలబడిన నేతగాళ్లలో ఒకాయన, "ఇదేందప్పా, మన వీధిలో మగ్గాలన్నీ ఒకేసారి ఆడినట్టుంది," అన్నాడు. పక్కాయన తల ఊపడం మొదలుపెట్టాడు. వాళ్ల కాళ్లు వాళ్లకు తెలియకుండానే మగ్గం తొక్కుతున్నట్టు ఆడాయి. ఈ చప్పుడుకు జిల్లా మొత్తంలో భయపడనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఎమ్మిగనూరులోనే ఉంటారు. "యాడప్పా నీడ" అని వాడు అరిస్తే, చివరికొచ్చేసరికి పందిరి కూడా అరిచింది.

పాట అయిపోయింది. తరువాత చప్పట్లు. వెంకటసుబ్బయ్య శెట్టి చేతికర్ర సంకలో ఇరికించుకుని, ఉంగరాలు టకటక కొట్టుకునేట్టు చప్పట్లు కొడుతున్నాడు. జయరాం తండ్రి వైపు చూసి, నా వైపు చూసి, నమ్మలేక గిటారు కింద పెట్టేశాడు. గోవిందమ్మ పక్కావిడతో, "ఆ పిల్లోడు నా తలుపు అడిగినాడే," అని గొప్పగా చెబుతోంది.

సుంకన్న డ్రమ్ము కర్రలు ఒళ్లో పెట్టుకుని తల దించుకుని ఉన్నాడు. నూర్ బాషా మాత్రం ఇంకా వాడి పాదాన్ని తొక్కుతూనే ఉన్నాడు, ఈసారి తాళం లేకుండా, చిటపటా చిటపటా.

చెవులు వినపడనివాడి గొంతు కదా, సుంకన్న మాట మైకులో పడి ఊరంతా మోగింది. "పాట అయిపాయ గదప్పా. ఇంకా ఏంటికి తొక్కుతాండావు?"

పందిరి గొల్లుమంది. నూర్ బాషా వాడి గడ్డం పట్టుకుని మొహం జనం వైపు తిప్పాడు. మళ్లీ తన వైపు తిప్పుకుని, మూతి బాగా కనిపించేట్టు నెమ్మదిగా చెప్పాడు.

"ఇవి సప్పట్లప్పా. నీకు సగం రావాల గదా."

సుంకన్న ఆ ఆడుతున్న చేతులన్నిటినీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. చూసి, డోలు వెనకనుంచి రెండో కాలు కూడా ముందుకు చాపాడు.